వాసన తెలియకపోవుట

జంగారెడ్డిగూడెము ప్రాంతమున పొగాకు కాలములో ప్రయాణము చేయువారికి, ఊరు కనబడక మునుపే బ్యారన్లలో క్యూరింగు అగుచున్న ఆకు వాసన ఎదురు వచ్చును. అట్టి చోట నివసించు రైతు కొకనాటి ఉదయమున ఆ వాసన తెలియకపోయినదనుకొందము. పడిశెము పట్టినదని అతడు భావించును. కాని ముక్కు బిగిసి యుండదు, నీరు కారదు, గాలి చక్కగా ఆడుచుండును. వాసన మాత్రమే లేదు.

2020లో కరోనా వ్యాధి ప్రబలినపుడు ఎందరికో ఈ అనుభవము కలిగినది. కొందరికి జ్వరము, దగ్గు లేకుండగనే ఇది కలిగినది. అందుచే వారు తాము రోగులమని ఎరుగక, పదిమందిలో తిరిగిరి. భారత ప్రభుత్వ ఆరోగ్యశాఖ 2020 జూన్ 13న వాసన, రుచి తెలియకపోవుటను ఆ వ్యాధి లక్షణములలో చేర్చినది.

పడిశెములో సాధారణముగా ముక్కు మూసికొనిపోవుటచే వాసన లోపలికి చేరదు. ఇచ్చట దారి తెరచియే యున్నది. లోపము లోపల కలదు. ముక్కు పైకప్పున తపాలా బిళ్ళంత పొరలో వాసనను గ్రహించు నాడీకణములున్నవి. వాని నంటి ఆధారకణములు వానిని పోషించుచుండును. కరోనా వైరసు ప్రవేశించుటకు తోడ్పడు మాంసకృత్తు ఆధారకణములపై నున్నది గాని, నాడీకణములపై లేదని 2020లో పరిశోధకులు కనుగొనిరి. పాలేరు మంచము పట్టిన తోట వాడినట్లు, ఆధారకణములు దెబ్బతినగా నాడీకణముల పనియు నిలిచిపోవును. అయితే ఈ పొరకు మరల చిగురించు శక్తి కలదు. పెక్కుమందికి కొన్ని వారములలోనే వాసన తిరిగి వచ్చుటకు కారణమిదియే.

రేడియోలో శబ్దమునే గాని వాసనను పంపు సాధనము మాకు లేదు. కావున శ్రోతలు తమ ఇంటి ఇంగువ డబ్బాను తలచుకొందురు గాక! ఉప్పు, పులుపు, తీపి, చేదు నాలుకకు తెలియును. ఇంగువ పోపు, కాఫీ మాత్రము చాలవరకు ముక్కు సొత్తు. నోటిలోని ఆవిరి గొంతు వెనుకనుండి ముక్కు పైభాగమునకు చేరును. నాలుక నిర్దోషియైనను రోగి “అన్నము మట్టివలె నున్నది” అనుట అందుచేతనే.

కొందరికి వాసన వక్రించి వచ్చును. కాఫీ మాడిన రబ్బరువలె, ఉల్లిపాయ కుళ్ళినట్లు తోచును. ఇది విసుగు పుట్టించునే గాని, నాడులు మరల అల్లుకొనుచున్నవనుటకు తరచు గుర్తు. జర్మనీ వైద్యుడు థామస్ హమ్మెల్ బృందము 2009లో ప్రకటించిన సాధన యొకటి కలదు. గులాబి, నీలగిరి తైలము, నిమ్మ, లవంగము, ఈ నాలుగింటిని ఉదయ సాయంత్రములు కొన్ని క్షణములు శ్రద్ధతో మూచూచుచు, పండ్రెండు వారములు సాగించవలెను. ఖర్చు స్వల్పము; ఓపికయే ఎక్కువ కావలయును.

2022 తరువాతి ఒమిక్రాన్ రకములలో ఈ లక్షణము తగ్గినది. ముక్కులో కండ పెరుగుట, తలకు దెబ్బ, వార్ధక్యము కూడ వాసనను హరింపగలవు. కావున వారములు గడచినను వాసన రానివారు చెవి, ముక్కు, గొంతు వైద్యుని చూడవలెను.

ఈలోగా వంటయింటి జాగ్రత్త ముఖ్యము. గ్యాసు కారుట తెలియుటకై దానిలో దుర్వాసన కలుపుదురు. అది ఈ రోగికి తెలియదు. ఒంటరిగా వంట చేసికొను వృద్ధులున్న ఇండ్లలో, పొయ్యి వెలిగించుటకు ముందు రెగ్యులేటరును మరియొకరు చూచుట, విరిగిన పాలను, పాసిన కూరను ఇరుగుపొరుగువారిచేత పరీక్షింపించుట మేలు.