నాగుల్ మీరా: పేరు వెనుక ఉన్న ఊరు

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పత్తి చేల గట్ల మీద, మిరప కల్లాల్లో ‘నాగుల్ మీరా’ అన్న పిలుపు మనలో చాలామంది విన్నదే. తాతల తరంలో ఇంటి పేరంత పరిచయమైన ఈ పేరును నేడు పసిబిడ్డలకు పెట్టేవారు అరుదైపోయారు.

ఒకసారి మా వద్ద చదివే పిల్లవాడొకడు ఏడుస్తూ ఇంటికి వెళ్ళాడు. ‘నాగుల్’ అంటే పామనీ, ‘మీరా’ అంటే ఆడపిల్ల పేరనీ తోటి పిల్లలు ఎగతాళి చేశారట. మర్నాడు తండ్రి వచ్చి, “హజ్రత్, మా తాత పేరని పెట్టుకున్నాం. ఇది అసలు మన పేరేనా? మార్చేయమంటారా?” అని అడిగారు. ఆ ప్రశ్న ఆయన ఒక్కరిది కాదు. అందుకే ఇక్కడ జవాబు చెప్పుకుందాం.

ఈ పేరుకూ నాగుపాముకూ సంబంధం లేదు. అసలు రూపం ‘నాగూర్ మీరా’. నాగూర్ తమిళనాడులో నాగపట్నం పక్కనే సముద్ర తీరాన ఉన్న పట్టణం. 16వ శతాబ్దికి చెందిన హజ్రత్ షాహుల్ హమీద్ (రహ్మతుల్లాహి అలైహి) సమాధి అక్కడ ఉంది. ఆ దర్గాకు అయిదు మినార్లు. వాటిలో పెద్దదాన్ని కట్టించినవాడు తంజావూరు మరాఠా రాజు ప్రతాప్ సింగ్. నేటికీ అక్కడికి ముస్లిములతో పాటు హిందువులూ పెద్ద సంఖ్యలో వెళతారు. ఆ మహనీయుణ్ణి ఖాదర్ వలి అనీ, మీరాన్ సాహెబ్ అనీ పిలుస్తారు. ‘మీర్’ అరబీలోని ‘అమీర్’కు ఫార్సీలో కుదించిన రూపం. నాయకుడని అర్థం. ‘మీరాన్’ గౌరవవాచకం. అదే మన నోట ‘మీరా’ అయింది. ‘నాగూర్’ ‘నాగుల్’ అయింది. మీరాబాయి పేరుతో దీనికి పని లేదు.

నాగూర్ యాత్ర చేసి వచ్చినవారు బిడ్డలకు నాగూర్, నాగూర్ వలి, నాగూర్ బీ అని పేర్లు పెట్టుకున్నారు. సినీ గాయకుడు మనో అసలు పేరు నాగూర్ బాబు. ఆయన పుట్టింది సత్తెనపల్లిలో.

ఊరి పేరు మనిషి పేరులో చేరడం ఇస్లామీయ సంప్రదాయానికి కొత్త కాదు. హజ్రత్ సల్మాన్ ఫార్సీ, హజ్రత్ బిలాల్ హబ్షీ పేర్లలో వారి దేశాలున్నాయి. ఇమామ్ బుఖారీ పేరులో బుఖారా నగరముంది. దైవప్రవక్త (స) చెడు అర్థమున్న పేర్లను మార్చారు. అల్లాహ్‌కు ప్రీతికరమైన పేర్లు అబ్దుల్లా, అబ్దుర్రహ్మాన్ అని తెలిపారు. నాగుల్ మీరాలో చెడు అర్థమేమీ లేదు. అయితే ఒక మాట మరువరాదు. సంతానమిచ్చేవాడు అల్లాహ్ ఒక్కడే. వలీల మీద గౌరవం వేరు, ఆరాధన వేరు. ఇక ఒకరినొకరు ఎగతాళి పేర్లతో పిలుచుకోరాదని దివ్యఖుర్ఆన్ హుజురాత్ సూరాలో స్పష్టంగా వారించింది. పిల్లలకు ముందుగా నేర్పవలసింది అదే.

మరో జాగ్రత్త కూడా అవసరం. ఒకచోట నాగూర్ మీరా, మరోచోట నాగుల్ మీరా, ఇంకోచోట నాగూల్ మీరాన్ అని రాయిస్తే పాస్‌పోర్టు వేళ, హజ్ దరఖాస్తు వేళ తిప్పలు తప్పవు. జననాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. అప్పటికి పేరు నిశ్చయం కాకుంటే 12 నెలల్లోగా రుసుము లేకుండా చేర్పించవచ్చు. ఏ రూపం ఎంచుకున్నా అన్నిచోట్లా అదే ఉండాలి.

ఆ తండ్రికి ఇదంతా చెప్పాం. మార్చుకోవాలనుకుంటే తప్పు లేదనీ, సిగ్గుపడి మాత్రం మార్చవద్దనీ అన్నాం. ఆయన మార్చలేదు. మరుసటి వారం పిల్లవాడే తరగతిలో లేచి తన పేరులో ఒక ఊరుందని, ఒక నాయకుడున్నాడని చెప్పాడు. మన పిల్లలకు మంచి పేర్లతో పాటు, ఆ పేర్లకు తగిన నడవడిని కూడా అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.