మూకీలంటే నవ్వులేనా? కన్నీళ్ళూ ఉన్నాయి!

మూకీ అనగానే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది చాప్లిన్. బుల్లి మీసం, చేతికర్ర, వదులు ప్యాంటు, వంకర నడక. ఆ తరవాత గుర్తొచ్చేవి పరుగులు, తన్నులాటలు, పల్టీలు. అంతే! మూకీ చిత్రాలన్నీ నవ్వుకోవడానికి తీసినవేనని చాలామంది అభిప్రాయం. పాత సినిమాలంటే చెవి కోసుకునేవాళ్ళు, ‘మాలపిల్ల’ దగ్గర మొదలుపెట్టి ‘దేవదాసు’ దాకా పాట పాటా అప్పజెప్పగలవాళ్ళు సైతం 1931 గీత దాటి వెనక్కి వెళ్ళరు. “మాటే లేనప్పుడు డ్రామా ఎక్కడిదండీ? డైలాగు లేకుండా ఏడుపెలా వస్తుంది?” అని అడుగుతారు.

వస్తుంది. అందుకు సాక్ష్యంగా నాలుగైదు దేశాల చిత్రాలను ఈ వారం పాఠకుల ముందు పెడుతున్నాం. ఇవేవీ చరిత్ర పరీక్షకు చదివే పాఠాలు కావు. చూస్తూ చూస్తూ ఉండగానే గొంతులో ఏదో అడ్డుపడే కథలు.

చూసేముందు రెండు ముక్కలు

మూకీల్లో మనుషులు కీలుబొమ్మల్లా గబగబా నడుస్తారేమిటని చాలామందికి అనుమానం. తప్పు నటులది కాదు. ఆ రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు. సెకనుకు 16 ఫ్రేములు, 18 ఫ్రేములు, 20 ఫ్రేములు, ఇలా రకరకాలుగా తీసేవారు. టాకీ వచ్చాక 24 ఖాయమైంది. 16తో తీసినదాన్ని 24తో తిప్పితే ఏడుస్తూ నడిచేవాడు కూడా బస్సు కోసం పరుగెడుతున్నట్టే కనబడతాడు! కాబట్టి సరైన వేగంతో బాగుచేసిన ప్రింటు వెతుక్కుని చూడాలి.

రెండోది, మూకీ ఎన్నడూ మూగగా ఆడలేదు. పెద్ద నగరాల్లో తెర ముందు పెద్ద వాద్యబృందం, చిన్న హాల్లో ఒక్క పియానో. మన దగ్గర హార్మోనియం, తబలా. పక్కన నిలబడి కథ చెప్పే మనిషి సరేసరి. జపానులో ఆ కథ చెప్పేవాళ్ళని ‘బెన్షి’ అనేవారు, వాళ్ళకి తారలకున్నంత పేరు! కనుక సంగీతం లేని ప్రింటు దొరికితే పక్కన పెట్టేయండి. చదవాల్సిన టైటిల్ కార్డులు కొన్నే ఉంటాయి. మిగతాదంతా ముఖాల్లోనే ఉంది. అన్నం తింటూ, అటూ ఇటూ చూస్తూ చూస్తే సగం కథ జారిపోతుంది.

యూనిఫాం పోయిన మనిషి

మొదటగా చూడాల్సింది 1924లో జర్మనీలో ఎఫ్.డబ్ల్యు.ముర్నౌ తీసిన ‘ది లాస్ట్ లాఫ్’. ఎమిల్ జానింగ్స్ కథానాయకుడు. ఒక పెద్ద హోటలు ద్వారం దగ్గర నిలబడే ముసలాయన కథ ఇది. ఆయనకున్న ఆస్తల్లా మెరిసే బొత్తాలున్న యూనిఫాం. అది వేసుకుని సాయంత్రం ఇంటికొస్తుంటే పేటంతా లేచి దణ్ణం పెడుతుంది. ఒకరోజు బరువైన పెట్టె మోయలేక ఆయాసపడుతూ కూర్చోవడం మేనేజరు కంటబడుతుంది. “వయసైపోయింది” అని యూనిఫాం విప్పించి, కింద స్నానాల గదిలో తువ్వాళ్ళు అందించే పనికి పంపేస్తారు.

ఇంటిదగ్గర ఈ సంగతి ఎలా చెప్పడం? యూనిఫాం దొంగిలించి వేసుకుని ఇంటికెళ్తాడు పాపం. తరవాత ఏమైందో తెరమీదే చూడాలి. కథ మధ్యలో టైటిల్ కార్డు ఒక్కటంటే ఒక్కటే! మిగతాదంతా జానింగ్స్ వీపు చెబుతుంది. మొదటి రీల్లో నిటారుగా ఉన్న ఆ వీపు, చివరికొచ్చేసరికి గోడకి అంటుకుపోతుంది. ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ కెమెరాను ఛాతీకి కట్టుకుని, తాగిన మనిషి కళ్ళకి లోకం ఎలా తిరుగుతుందో చూపించాడు. పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మర్నాడు వీధిలో పలకరింపులు తగ్గిపోయిన సంగతి మన ఇళ్ళల్లో తెలియనిదెవరికి?

పడవలో భార్యాభర్తలు

అదే ముర్నౌ అమెరికా వెళ్ళి 1927లో తీసిన చిత్రరాజం ‘సన్‌రైజ్’. జార్జి ఓబ్రియన్, జానెట్ గేనర్ జంట. పల్లెటూరి రైతు పట్నం నుంచి వచ్చిన ఒకామె మోజులో పడతాడు. భార్యను పడవలో తీసుకెళ్ళి నీళ్ళలో తోసెయ్యమని ఆమె నూరిపోస్తుంది. తను మాత్రం తేలడానికి రెల్లుకట్ట ఒకటి పడవలో దాచుకుంటాడు. నడిమధ్యలో తెడ్డు ఆపి లేచి నిలబడతాడు. భార్య అతని ముఖం చూస్తుంది. అర్థమైపోతుంది. చేతులు జోడిస్తుంది.

చంపలేకపోతాడు. అసలు కథ అక్కణ్ణుంచే మొదలవుతుంది. ఒడ్డు చేరగానే ఆమె పరుగున వెళ్ళి ట్రాం ఎక్కేస్తుంది, ఇతనూ వెనకాలే ఎక్కుతాడు. కిటికీ బయట చెట్లు పోయి ఇళ్ళు, ఇళ్ళు పోయి పట్నం వస్తుంది. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. ఏం మాట్లాడతాడండీ ఆ మనిషి? ఏ రచయిత రాసిన డైలాగు అక్కడ అతుకుతుంది? పట్నంలో ఎవరిదో పెళ్ళి జరుగుతుంటే ఇద్దరూ చర్చి లోపల కూర్చుంటారు. ఆ పెళ్ళి ప్రమాణాలు వింటూ అతను కుప్పకూలిపోతాడు. ఆ తరవాత ఆ రెల్లుకట్ట ఎవరికి పనికొచ్చిందో ఇక్కడ చెప్పెయ్యడం భావ్యం కాదు.

1929లో జరిగిన మొట్టమొదటి ఆస్కార్ వేడుకలో ఈ చిత్రంతోపాటు మరి రెండు చిత్రాల్లోని నటనకు జానెట్ గేనర్ ఉత్తమనటి బహుమతి అందుకుంది. ఈ చిత్రం అసలు నెగటివ్ మాత్రం 1937లో ఫాక్స్ కంపెనీ గిడ్డంగికి నిప్పంటుకున్నప్పుడు కాలిపోయింది. మిగిలిన ప్రింట్ల పుణ్యాన ఇవాళ మనం చూడగలుగుతున్నాం.

నిశ్శబ్దం కోసం వేడుకున్న తండ్రి

మూడోది కింగ్ విడోర్ దర్శకత్వంలో 1928లో వచ్చిన ‘ది క్రౌడ్’. గొప్పవాణ్ణవుతానని న్యూయార్కు వచ్చిన ఒక సామాన్య గుమాస్తా కథ. కెమెరా ఆకాశమంత మేడను ఎగబాకి, కిటికీలోంచి దూరి, వందల బల్లల మధ్య ఒక బల్ల దగ్గర ఆగుతుంది. అదే మన హీరో! పెళ్ళి, ఇరుకిల్లు, బావమరుదుల దెప్పుళ్ళు, చాలీచాలని జీతం. ఇది న్యూయార్కు కథో విజయవాడ కథో తెలియనంతగా కలిసిపోతుంది.

ఒక్క ఘట్టం చెబుతాను. చిన్నకూతురు లారీ కింద పడి మంచంమీద చావుబతుకుల్లో ఉంది. వీధిలో జనం, బళ్ళు, గోల. తండ్రి బయటికొచ్చి, నోటిమీద వేలు పెట్టుకుని, చప్పుడు చెయ్యొద్దని వచ్చేవాళ్ళనూ పోయేవాళ్ళనూ బతిమాలుతూ జనానికి ఎదురు నడుస్తాడు. ఎవరూ వినరు. నీ బిడ్డకి బాగాలేదని లోకం ఆగుతుందా అంటాడు పోలీసు. చప్పుడే లేని సినిమాలో ఒక మనిషి నిశ్శబ్దం కోసం వేడుకోవడం! ఆ గోల మన చెవులకి వినబడుతుంది, ఒట్టు!

ఈ వేషం వేసిన జేమ్స్ ముర్రే అంతకుముందు గుంపులో నిలబడే చిల్లర వేషాలవాడు. తాగుడుకి బానిసై, అవకాశాలు పోగొట్టుకుని, 1936లో న్యూయార్కులో నదిలో పడి మరణించాడు. గుంపులోంచి వచ్చి గుంపులోకే వెళ్ళిపోయాడు.

ఒక ముఖం, ఒక తల్లి

1928లోనే ఫ్రాన్సులో కార్ల్ డ్రయ్యర్ తీసిన ‘ది పాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్’ నాలుగోది. 1431లో జరిగిన విచారణ రికార్డుల ఆధారంగా తీశాడు. యుద్ధాలు లేవు, గుర్రాలు లేవు. ప్రశ్నలు వేసే మతాధికారుల ముఖాలు, జవాబు చెప్పే ఫాల్కొనెట్టీ ముఖం. మేకప్ కూడా లేదు. కంటినిండా నీళ్ళు నిండి, రెప్ప దాటి, చెంపమీదకి జారేదాకా కెమెరా కదలదు. మన నాట్యశాస్త్రం చెప్పే సాత్వికాభినయం ఏమిటో తెలుసుకోవాలంటే ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

దీని కథ సినిమాకన్నా చిత్రం. నెగటివ్ కాలిపోయింది. మిగిలిన షాట్లతో డ్రయ్యర్ మళ్ళీ కూర్చిన రెండో నెగటివ్ కూడా కాలిపోయింది. ముక్కలూ చెక్కలూ ప్రింట్లే యాభయ్యేళ్ళు లోకమంతా చూసింది. 1981లో నార్వేలో, ఓస్లో దగ్గర ఒక మానసిక చికిత్సాలయం అలమరలో పూర్తి ప్రింటు బయటపడింది! డ్రయ్యర్ 1968లోనే పోయాడు. తన చిత్రం బతికే ఉందని తెలియకుండానే పోయాడు.

ఐదోది 1934లో షాంఘైలో వు యోంగ్‌గాంగ్ తీసిన ‘ది గాడెస్’. అప్పటికి మనకి టాకీలు వచ్చేశాయి, చైనాలో ఇంకా మూకీలు తీస్తున్నారు. కొడుకుని చదివించుకోవడానికి ఒళ్ళమ్ముకునే తల్లి కథ. పగలు ఆమె దేవత, రాత్రి వీధి దీపం కింద బేరం. చైనా భాషలో ఈ చిత్రం పేరుకి రెండర్థాలూ ఉన్నాయి. స్కూలు వార్షికోత్సవంలో కొడుకు పాడుతుంటే ముందు ఆమె ముఖం వెలుగుతుంది. పక్క కుర్చీల్లో గుసగుసలు మొదలవుతాయి. ఇంక పిల్లాణ్ణి బళ్ళో ఉంచరాదని పెద్దమనుషులు తీర్మానం చేస్తారు. తల్లిగా వేసిన రువాన్ లింగ్‌యూ కళ్ళు చూస్తుంటే మనకి సావిత్రి గుర్తు రాకమానదు. ఆ మహానటి మరుసటి ఏడాది, 1935 మార్చి 8న, పాతికేళ్ళు నిండకుండానే ఆత్మహత్య చేసుకుంది.

మరి మనవో?

అందరివీ చెప్పారు, మనవి చెప్పరేం అంటారు కదూ? చెప్పడానికి నోరు రావడం లేదు.

మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో సినిమాకి పునాదులు వేసిన రఘుపతి వెంకయ్యగారు, కుమారుడు ప్రకాశ్‌ని విదేశాలకు పంపి ఈ విద్య నేర్పించారు. ఆ తండ్రీకొడుకులు ‘స్టార్ ఆఫ్ ది ఈస్ట్’ కంపెనీ పెట్టి 1921 ప్రాంతంలో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. భీష్ముడి వేషం ప్రకాశ్‌గారిదే. తెలుగువారు తీసిన తొలి మూకీ అది. ఇవాళ చూద్దామంటే లేదు! 1922లో హైదరాబాదులో ధీరేన్ గంగూలీ ‘లోటస్ ఫిలిం కంపెనీ’ పెట్టి వరసగా మూకీలు తీశారు. అవీ లేవు. దేశం మొత్తంమీద వెయ్యికి పైగా మూకీలు తయారైతే మిగిలినవి పదుల లెక్కే, వాటిలోనూ కొన్ని ముక్కలే.

ఎందుకు పోయాయంటారా? ఆనాటి నైట్రేట్ ఫిలిం అగ్గిపుల్లలాంటిది, ఇట్టే అంటుకుంటుంది. అంటుకోనిది పొడైపోతుంది. టాకీ వచ్చాక మూకీని అడిగినవాడు లేడు. ఫిలింలో ఉన్న కాస్త వెండి కోసం కరిగించేసినవీ ఉన్నాయి. పుణేలో జాతీయ ఫిలిం ఆర్కైవు మొదలైంది 1964లో. అప్పటికే ఆలస్యమైపోయింది.

మిగిలినవాటిలో తప్పక చూడాల్సింది 1929 నాటి ‘ఎ త్రో ఆఫ్ డైస్’. హిమాంశు రాయ్ నిర్మాత, జర్మన్ ఫ్రాంజ్ ఆస్టెన్ దర్శకుడు. మహాభారతంలోని జూదాన్ని తీసుకుని, ఒక అమ్మాయి కోసం పోటీపడే ఇద్దరు రాజుల కథగా అల్లారు. చారు రాయ్, సీతాదేవి నాయికానాయకులు, మోసపు పాచికల రాజుగా హిమాంశు రాయ్‌గారే వేశారు. రాజస్థాన్ కోటలు, ఏనుగులు, పులులు కన్నుల పండుగ చేస్తాయి.

ఇంకొకటి ‘మార్తాండ వర్మ’, 1933 నాటి మలయాళ మూకీ, పి.వి.రావు దర్శకత్వం. నవల హక్కుల గురించి ప్రచురణకర్త కోర్టుకెళ్ళడంతో ప్రదర్శన ఆగిపోయింది, ప్రింటు వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. 1974లో అది ఆర్కైవుకి చేరింది. దక్షిణాది మూకీల్లో చూడ్డానికి మిగిలింది ఇదొక్కటేనంటారు. హాయిగా ఆడినవి కాలగర్భంలో కలిసిపోయాయి, కేసులో ఇరుక్కున్నది బతికి బయటపడింది!

అందుకే మా మనవి ఒక్కటే. వీటిలో చాలా చిత్రాలు ఇవాళ ఇంటర్నెట్టులో ఇంట్లో కూర్చునే చూడొచ్చు. ‘లాస్ట్ లాఫ్’తో మొదలుపెట్టండి, తరవాత ‘సన్‌రైజ్’, ‘క్రౌడ్’, ‘గాడెస్’. జోన్ ముఖాన్ని చివరికి ఉంచుకోండి, దానికి కాస్త గుండెదిటవు కావాలి. అడిగేవాడు లేకపోబట్టే కదా మన భీష్ముడు పోయింది. ఓస్లో అలమరలో జోన్ దొరికినట్టు, ఏ పాత హాలు అటకమీదో, ఏ డిస్ట్రిబ్యూటరు గారి మనవల ఇంటి గదిలోనో తుప్పుపట్టిన రేకు డబ్బా ఒకటి ఉండకూడదా? మీ ఊళ్ళో అలాంటి డబ్బా కనబడితే పాతసామానువాడికి మాత్రం వెయ్యకండి. నిప్పుకి దూరంగా ఉంచి, పుణే ఆర్కైవుకి ఒక్క ఉత్తరం ముక్క రాయండి.