సైకిలు పరివారము

సైకిలు కొనుట యొక యెత్తు, దానికి కావలసిన పరివారమును సమకూర్చుకొనుట మఱియొక యెత్తు. దుకాణమున ధర చెప్పునపుడు రెండు చక్రములు, ఒక ఫ్రేము, రెండు పెడళ్ళు మాత్రమే లెక్కకు వచ్చును. గంట, దీపము, తాళము, స్టాండు, క్యారియరు, చైను కవరు, పంపు అనునవి పిమ్మట బేరమునకు దిగును. కొనువాని చేతిలోని సొమ్ము అప్పటికే అయిపోయి యుండును. “ఇప్పటికి ఇది చాలును, తక్కినవి వచ్చే నెల చూతము” అని యింటికి తెచ్చుకొనును. ఆ వచ్చే నెల సామాన్యముగా రాదు.

ఈ చిన్న వస్తువులే లేనిచో సైకిలు వేడుక బండిగా మిగిలిపోయెడిది. 1817లో జర్మనీ దేశమున కార్ల్ డ్రైస్ చేసిన తొలి బండికి పెడళ్ళే లేవు. ఎక్కినవాడు నేలను కాళ్ళతో తన్నుకొనుచు పోవలసి యుండెను. 1885లో ఇంగ్లండునందలి కోవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ గొలుసుతో వెనుక చక్రమును త్రిప్పు సైకిలును వెలువరించెను. నేటి సైకిలునకు అదియే మూలరూపము. పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్లప్ బెల్‌ఫాస్టు నగరమున తన కుమారుని మూడుచక్రముల బండికై గాలి నింపిన టైరును తయారు చేసి, 1888లో పేటెంటు పొందెను. అంతటితో సైకిలు దేహము ఇంచుమించు పూర్తి యైనది. ఆ మీదటి కథ చాలవఱకు పరివారముదే.

మన దేశమునకు చిరకాలము సీమ సైకిళ్ళే వచ్చెడివి. 1949లో మద్రాసునందు, 1951లో సోనీపట్టునందు, 1956లో లూధియానాయందు సైకిళ్ళ ఫ్యాక్టరీలు వెలసినవి. అవియు మొదట ఆ ఇంగ్లీషు నమూనానే యనుసరించినవి: 28 అంగుళముల చక్రము, తీగలకు బదులు ఇనుప కడ్డీలతో పనిచేయు బ్రేకులు, క్రింద స్ప్రింగులు గల తోలు సీటు. ఈ నమూనాయందు ఒక చమత్కారము కలదు. ముందు చక్రమునకు 32 ఊచలు, వెనుక చక్రమునకు 40 ఊచలు ఉండును. నమ్మనివారు బడి వసారాలో నిలిపిన పాత సైకిలు నొకదానిని లెక్కించి చూచుకొనవచ్చును. త్రొక్కువాని బరువులో ఎక్కువ పాలు వెనుక చక్రముమీదనే పడును. క్యారియరు మీది బరువంతయు దానిదే. ఆ ఎనిమిది ఊచలు ఆ భారము కొఱకే.

క్యారియరు సంగతి చెప్పవలె ననిన నొక గ్రంథమగును. పాలవాని క్యానులు, చేపల గంపలు, చేనేత వస్త్రముల మూటలు, బడికి పోవు చెల్లెలు, ఆస్పత్రికి పోవు తల్లి — అందఱికిని అదియే ఆసనము. మనుష్యుడు సైకిలుపై ఎంత బరువు మోయగలడో 1954లో వియత్నాములోని డియెన్ బియెన్ ఫూ యుద్ధమున లోకమునకు తెలిసినది. అచ్చట కూలీలు సైకిలు హ్యాండిలునకు వెదురుబొంగు కట్టి పొడిగించిరి. సీటు వెనుక మఱియొక కఱ్ఱ నిలువుగా బిగించిరి. సైకిలు ఎక్కక, ప్రక్కనే నడచుచు, రెండువందల కిలోలకు పైబడిన బియ్యమును, మందుగుండును కొండదారుల వెంట త్రోసికొని పోయిరి. నేడును జార్ఖండునందు బీదవారు బొగ్గు బస్తాలను అట్లే సైకిళ్ళమీద కట్టి మైళ్ళకొలది త్రోసికొని పోవుచున్నారు. వారి సైకిలును చూచినవానికి అది వాహనముగా గాక, ఇనుముతో చేసిన ఎద్దువలె తోచును.

అక్కఱయే వస్తువునకు క్రొత్త అర్థము కల్పించును. 1990 దశాబ్దారంభమున తమిళనాటి పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతోద్యమము వారు వేలకొలది గ్రామీణ స్త్రీలకు సైకిలు త్రొక్కుట నేర్పిరి. ఆడవారి సైకిళ్ళు చాలక చాలమంది మగవారి సైకిళ్ళనే పట్టిరి. సీటునుండి హ్యాండిలు వఱకు గల అడ్డకమ్మి వారికి అడ్డము కాలేదు సరికదా, దానిపై బిడ్డను కూర్చుండబెట్టుకొనుటకు వీలైనదని సంతోషించినవారు కలరు. సీమలో గీచిన నమూనాకు ఈ ప్రయోజన మొకటి యుండునని ఏ ఇంజనీరు ఊహించి యుండును?

చైను కవరు విషయమున మాత్రము మన దుస్తులే శాసించినవి. పంచె కట్టిన ఉపాధ్యాయునికి గొలుసు పరమ శత్రువు. పంచె చెఱగు పళ్ళచక్రమున చిక్కినచో మొదట చినుగును, పిదప మనిషి పడును. ప్యాంటు వేసినవారు కాలిమడమపై ఉక్కు క్లిప్పు పెట్టుకొని తప్పించుకొందురు. ఓణీ కొంగునకును, చీర కుచ్చెళ్ళకును ఆ యుపాయము లేదు. అందుకే గొలుసునంతటిని కప్పు రేకు, వెనుక చక్రమునకు ప్రక్కలనుండు జాలి అవసరమగుచున్నవి. ఇవి లేని సైకిలు అందముగా, తేలికగా కనబడును. దుకాణములలో నేడు ముందు వరుసను నిలుచునవి అట్టివే.

అన్నిటికంటె ముఖ్యమైనది దీపము. తొలిదినములలో సైకిలునకు నూనెదీపము తగిలించెడివారు. తరువాత కార్బైడు దీపము వచ్చెను. కాల్షియం కార్బైడుపై నీటిచుక్క పడగా పుట్టు ఎసిటిలీన్ వాయువు తెల్లగా మండెడిది, దాని వాసన మాత్రము భరింపరానిది. పిమ్మట డైనమో. సీసావంటి ఆ చిన్న యంత్రము తలకు గల చక్రము టైరు ప్రక్కను ఒరసికొని తిరుగును. లోపలి అయస్కాంతము తిరుగగా చుట్టూ ఉన్న తీగచుట్టలో విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనుగొన్న సూత్రము! పదవ తరగతి పుస్తకమున దీనిని చదువు విద్యార్థికి డైనమో నొకసారి విప్పి చూపిన, బొమ్మతో పని లేదు. దాని శక్తి ఆఱు వోల్టులు, మూడు వాట్లు మాత్రమే. రాపిడిలో పోవునది కూడ కలుపుకొని కాళ్ళకు తెలియునంత భారము పడును. పల్లమున బండి వేగము హెచ్చగా బల్బు ప్రజ్వరిల్లి ఒక్కొక్కప్పుడు మాడిపోవును. సైకిలు నిలిపిన దీపము ఆఱును. లారీ వెనుకనుండి వచ్చు క్షణముననే ఆఱుట దానిలోని గొప్ప లోపము. ఆ లోపమును తీర్చునది ఎఱ్ఱని రిఫ్లెక్టరు. ఒకదాని కొకటి లంబముగా నుండు మూడేసి తలములు దానిలో వందలకొలది యుండును. ఏ దిక్కునుండి వచ్చిన వెలుగును ఆ దిక్కునకే మరలించును. దానికి బ్యాటరీ అక్కఱలేదు, తీగ అక్కఱలేదు, మట్టి తుడిచిన చాలును. నేడు ఎల్.ఇ.డి. దీపములు వచ్చి, కొలది విద్యుత్తుతోనే చాల వెలుగు నిచ్చుచున్నవి.

2006లో బీహారు ప్రభుత్వము తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ళు కొనుక్కొనుటకు సొమ్మిచ్చు పథకము ప్రారంభించెను. తరువాత ఆంధ్రప్రదేశమునందును ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్ళు పంచిరి. మిక్కిలి మంచి పని. అయితే పంచిన సైకిళ్ళ సంఖ్య చెప్పునపుడు వానికి దీపములున్నవా అను మాట రాదు. పరీక్షల ముందు ప్రత్యేక తరగతులు ముగియుసరికి ప్రొద్దు గ్రుంకును. దీపము లేని సైకిళ్ళపై పిల్లలు గుంపులుగా రహదారి అంచున పోవుచుందురు. వెనుకవచ్చు వాహనమువానికి వారి తెల్లని యూనిఫారమే రిఫ్లెక్టరు. సైకిలు ధరతో పోల్చిన ఆ ఎఱ్ఱబిళ్ళ ధర ఎంత? ప్రధానోపాధ్యాయుడు ఒక ఉదయము ప్రార్థన ముగిసిన పిదప సైకిళ్ళ వరుస వెంట నడచి చూచినచో ఎన్నింటికి ఆ బిళ్ళ లేదో పది నిమిషములలో తేలును.

గంట గుఱించి చెప్పుటకు పెద్దగా లేదు, మ్రోగిన చాలును. తాళము దొంగకంటె సైకిలు యజమానికే ఎక్కువ శ్రమ కలిగించును, చెవి పోయిన దినమున.

పంపు మాత్రము ఎవరును కొనరు. ఊరిలో సైకిలు షాపున్నది గదా యను ధైర్యము. కాని షాపు మైలు దూరమున నుండగా గాలి పోయినచో ఏమి చేయుదురు? పాత నమూనా ట్యూబునందు గాలిని నిలుపునది సన్నని వాల్వు రబ్బరు. లోహపు పుల్లను గట్టిగా పట్టియుండు ఆ గొట్టము పంపు త్రోసిన గాలిని లోనికి విడుచును, లోని గాలిని వెలికి విడువదు. ఎండకు అది చీలినచో టైరునందు ముల్లు లేకున్నను చక్రము చదును పడును. పంక్చరని తలచి సైకిలు నడిపించుకొని యింటికి పోయిన పిల్ల లెందఱో. చిటికెన వ్రేలి కణుపంత రబ్బరు ముక్క మార్చుటకు రెండు నిమిషములు పట్టును. పుస్తకముల సంచిలో అట్టి ముక్కలు రెండు ఉంచుకొని, నలుగురు కలిసి ఒక చేతిపంపు కొనుక్కొన్నచో ఆ నడక తప్పును.