నకరికల్లు వాగులకు ఆకాశం నుంచి సర్వే

2018 నవంబరు 26న పల్నాడులోని నకరికల్లులో గోదావరి–పెన్నా అనుసంధానం తొలి దశకు శంకుస్థాపన జరిగింది. గోదావరి నీటిని ఎత్తిపోసి ఇక్కడ నాగార్జునసాగర్ కుడి కాలువలో కలపాలన్నది ఆలోచన. ఇలాంటి పథకం మాట రాగానే టీఎంసీలు, క్యూసెక్కులు అందరి నోటా నానుతాయి. కానీ మన వాగు గట్ల మీద ఇవాళ ఏ చెట్లున్నాయి, ఏ మడుగు ఎండాకాలం దాటుతుంది, చేప ఎక్కడ తలదాచుకుంటుంది అన్న లెక్క కూడా ముందే రాసిపెట్టుకోవాలి. కొత్త నీళ్లొచ్చాక పాత వాగును కొలవడం కుదరదు. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలేనాటికి నేలను ఫొటో తీసే ల్యాండ్‌శాట్ ఉపగ్రహం ఇంకా పుట్టనే లేదు, అది 1972లో వచ్చింది. ఇప్పుడు ఆ సాకు చెల్లదు.

ఉపగ్రహాలున్నాయి కదా, విమానమో డ్రోనో ఎందుకు? ఉచితంగా దొరికే సెంటినెల్-2 చిత్రంలో ఒక చుక్క అంటే నేల మీద పది మీటర్లు. చాలా వాగులకు ఆ వెడల్పే ఉండదు. నీరు, ఇసుక, కంప అన్నీ ఆ ఒక్క చుక్కలో కలిసిపోతాయి. డ్రోను తక్కువ ఎత్తులో ఎగురుతుంది కాబట్టి కొద్ది సెంటీమీటర్ల వివరం అందుతుంది.

అన్నిటికన్నా నాకు ఆశ కలిగించేది వేడి తేడాలను చిత్రంగా చూపే థర్మల్ కెమెరా. 1990లలో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో క్రిస్టియన్ టోర్గర్సన్ బృందం హెలికాప్టరుకు ఈ కెమెరా కట్టి నదుల వెంట ఎగిరింది. వేసవిలో సాల్మన్ చేపలకు ఆసరా అయ్యే చల్లని నీటి చోట్లను అలా గుర్తించారు. మన దగ్గర సాల్మన్లు లేవు, కానీ ఊటలున్నాయి. పల్నాడు నేల కింద సున్నపురాయి పొరలు, వాటిలో పగుళ్లు. పడమట కారంపూడి, దాచేపల్లి మీదుగా కృష్ణలో కలిసే నాగులేరు నడిచేదీ ఈ రాతినేల మీదే. పగుళ్లలోంచి వచ్చే ఊటనీరు ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే వేడిలో ఉంటుంది. చలికాలం తెల్లవారుజామున వాగునీరు చల్లబడి ఉంటే, ఊట దిగేచోట గట్టు వారగా వెచ్చని మచ్చ తేలుతుంది. మే నెల మధ్యాహ్నం అదే చోటు చల్లగా కనిపిస్తుంది. రెండుసార్లూ తేడా చూపిన మడుగే ఎండాకాలం నిలిచే అవకాశమున్న మడుగు. ఇక్కడ ఒక చిక్కుంది. పగలంతా కాగిన నాపరాళ్లు రాత్రి కూడా వేడిని విడుస్తూనే ఉంటాయి, వాటిని ఊట అనుకునే ప్రమాదం ఉంది. అందుకే పక్కనే మామూలు రంగుల ఫొటో కూడా తీయాలి. పైగా ఈ కెమెరా చూసేది నీటి పైపొరనే, మడుగు అడుగున ఏముందో దానికి పట్టదు.

చెట్ల విషయానికి వస్తే, మన కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని పచ్చని ఆకు గట్టిగా వెనక్కి తిప్పుతుంది, నీరు మింగేస్తుంది. అందుకే మడుగును కమ్మిన గుర్రపుడెక్క ఆ చిత్రంలో ఇట్టే పట్టుబడుతుంది. మన దేశంలో రిమోట్ సెన్సింగ్ మొదలైందే ఈ కిటుకుతో: 1970లో శాస్త్రవేత్త పిషారోటి బృందం కేరళలో హెలికాప్టరు నుంచి పరారుణ ఫిల్ముతో కొబ్బరి తెగులును వెతికింది. గట్టు మీద మాత్రం పచ్చదనం చూసి మురిసిపోకూడదు. ఎండల్లో కూడా వాడని సర్కారు తుమ్మ పైనుంచి నిండైన అడవిలాగే కనిపిస్తుంది. లేజరు కిరణాలు పంపి ఎత్తులు కొలిచే లైడార్ తోడుంటే, నీటికి నీడపట్టే కానుగ ఎక్కడో, గుబురుగా అల్లుకున్న కంప ఎక్కడో విడదీయడం తేలికవుతుంది.

ఆకుపచ్చ లేజరుతో నీటిలోతును కూడా కొలుస్తారు. నల్లరేగడి మట్టి కలిసిన వానాకాలపు నీటిలో అది పనిచేయదు. వరదలు తగ్గి నీరు తేటపడ్డాకే ఎగరాలి.

సాధనాలు మనకు దూరంగా లేవు. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికి సొంత సర్వే విమానాలున్నాయి. ఇస్రో, నాసా కలిసి 2015 చివర మొదలుపెట్టిన సర్వేలో వందల వర్ణపట్టీలు నమోదుచేసే ఏవిరిస్-ఎన్‌జీ పరికరాన్ని ఈ కేంద్రపు బీ-200 విమానానికే అమర్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే కోసం పల్లెల మీద డ్రోన్లు ఎగిరాయి. పొలం గట్టు కోసం తీసిన ఆ ఫొటోల్లో వాగు గట్టు కూడా పడి ఉండొచ్చు. ముందు వాటిని తిరగేయాలి.

ఆ తర్వాతి పని కాలినడకన చేయాలి. చిత్రంలో మచ్చ కనిపించిన ప్రతిచోటికీ థర్మామీటరు పట్టుకుని ఒకరు వెళ్లి నీటిలో ముంచి చూడాలి. ఏప్రిల్లో మందను ఏ మడుగుకు తోలుతారో గొర్రెల కాపరులను అడిగి, ఆ మడుగు పేరు మ్యాపులో రాయాలి.