చిన్న సర్వర్ మీద వీడియో పని

షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే సర్వర్‌ను ఎన్నో వెబ్‌సైట్లు పంచుకుంటాయి. అద్దె తక్కువ కనుక ఆదోని పత్తి వ్యాపారికైనా, మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘంతో పేరొచ్చిన ఎమ్మిగనూరులో చీరలు అమ్మేవారికైనా సొంత సైటు పెట్టుకోవడానికి ఇది అనువైనదే. చిక్కంతా వీడియోతోనే.

ఫోన్‌లో తీసిన చీర వీడియోను సైటులో పెట్టాలంటే సైజు తగ్గించాలి, ఫార్మాట్ మార్చాలి. దీనికి నిమిషాలు పడతాయి. ఇలాంటి సైట్లను ఎక్కువగా నడిపే పీహెచ్‌పీ భాషలోని ప్రోగ్రామ్‌కు మామూలుగా ఇచ్చే గడువు 30 సెకన్లు, మెమరీ 128 ఎంబీ. పరిమితి దాటితే పని మధ్యలోనే ఆగి, సగం ఫైలు మిగులుతుంది.

అందుకే అప్‌లోడ్ సమయంలో వీడియోను మార్చకూడదు. ఫైలును దాచి, డేటాబేస్‌లో ‘వేచి ఉంది’ అని నమోదు చేసి, అందిందని చెప్పేయాలి. తర్వాత, పెట్టిన వేళకు పనులను వాటంతటవే నడిపే క్రాన్ ఐదు నిమిషాలకోసారి ఒక్కో ఫైలును తీసుకుంటుంది. తీసుకోగానే ‘నడుస్తోంది’ అని సమయంతో సహా రాయాలి. ఈ ఒక్కటి మరిచిపోతే తర్వాతి క్రాన్ అదే ఫైలును మళ్లీ పట్టుకుంటుంది. ఎంతకీ పూర్తికాని పనిని తిరిగి వరుసలో పెట్టాలి, మూడుసార్లు విఫలమైతే పక్కన పెట్టాలి. కొత్త ఫైలుకు తాత్కాలిక పేరిచ్చి, పూర్తయ్యాకే అసలు పేరు పెట్టాలి.

వీడియోను మార్చే పని చేసే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్‌ను 2000లో ఫాబ్రిస్ బెలార్డ్ మొదలుపెట్టారు. చాలా షేర్డ్ ప్లాన్లు దాన్ని నడపనివ్వవు. ఒకరి వీడియో కోసం పొరుగు సైట్లు నెమ్మదించకూడదు కదా, ఆ నియమం న్యాయమే. అప్పుడు ఫోన్‌లోనే సైజు తగ్గించి పంపాలి, లేదా యూట్యూబ్‌లో పెట్టి సైటులో చూపాలి. రోజూ వీడియోలు పెట్టేవారు మాత్రం సర్వర్‌లో తమకంటూ వాటా ఉండే వీపీఎస్‌కు (వర్చువల్ ప్రైవేట్ సర్వర్) మారడమే మంచిది.