నవ్వు దగ్గర ఆగిపోయిన కథ

నేను కౌలాలంపూర్‌లో కంప్యూటర్ కన్సల్టెంటుని, నాటకాల పండితుణ్ణి కాను. అయినా ఈవారం ఒక ఏకపాత్రాభినయం గురించి చెప్పాలనిపించింది.

ఏకపాత్రాభినయం అనగానే మనకు బడి వార్షికోత్సవంలో గద పట్టుకున్న దుర్యోధనుడు గుర్తొస్తాడు. ఇందులో మరో రకం ఉంది. కళాకారులు ఒంటరిగా నిలబడి తమ జీవితాన్నే చెప్పుకుంటారు. ఆస్ట్రేలియాకు చెందిన హానా గాడ్స్‌బీ చేసిన 'నానెట్' అలాంటిదే. 2017లో వేదికలెక్కిన ఆ ప్రదర్శనను సిడ్నీ ఒపెరా హౌస్‌లో చిత్రీకరించారు. 2018 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. 2019లో రచనకు ఎమ్మీ అవార్డు గెలుచుకుంది. గాడ్స్‌బీ తనను ఆడ, మగ లెక్కల్లో వేయవద్దంటారు. తెలుగులో మనకు 'వారు' ఉండనే ఉంది కదా!

వారు 1978లో టాస్మేనియాలో పుట్టి, స్మిత్‌టన్ అనే చిన్న ఊళ్ళో పెరిగారు. టాస్మేనియాలో మగవాళ్ళ మధ్య స్వలింగ సంబంధం 1997 దాకా నేరం. అలాంటి చోట గే అయిన బిడ్డ నోరు విప్పడం ఎంత కష్టమో ఊహించండి. పెద్దయ్యాక తన మీద తానే జోకులు వేసుకుని పేరు తెచ్చుకున్నారు. ఆ అలవాటునే 'నానెట్'లో ప్రశ్నించారు. వారి లెక్క ప్రకారం జోకుకు రెండు భాగాలు చాలు: మొదట బిగువు, తర్వాత నవ్వు. కథకు మాత్రం మొదలు, మధ్య, ముగింపు మూడూ కావాలి. నవ్వు రాగానే జోకు ఆగిపోతుంది. ముగింపు చెప్పే వీలుండదు.

ఒక ఉదాహరణ. మొదట్లో బస్‌స్టాపు సంగతి చెప్తారు. ఒకడు తన ప్రియురాలితో మాట్లాడుతున్న గాడ్స్‌బీని మగవాడనుకుని కొట్టబోతాడు. ఆడపిల్లని తెలిసి, క్షమాపణ చెప్పి తగ్గుతాడు. హాలంతా నవ్వులు. చివర్లో అదే సంగతి మళ్ళీ వస్తుంది. వాడు తిరిగొచ్చి చావగొట్టాడు. ఎవరూ ఆపలేదు. గాడ్స్‌బీ పోలీసుల దగ్గరికీ వెళ్ళలేదు, ఆసుపత్రికీ వెళ్ళలేదు. తన విలువ అంతేననుకున్నారు. నవ్వుల కోసం ఇన్నాళ్ళూ దాచిన ముగింపు అది. ఆ మాటలప్పుడు హాల్లో చివరి వరసవాళ్ళకు అందని ముఖాన్ని కెమెరా మనకు దగ్గరగా చూపిస్తుంది.

మలేషియాలో ఇలాంటి కథకు వేదిక దొరకడం కష్టం. కౌలాలంపూర్‌లో 2008లో మొదలైన 'సెక్సువాలిటీ మెర్డెకా' ఉత్సవాన్ని 2011లో పోలీసులు నిషేధించారు. బ్రిటిష్‌వాళ్ళ నాటి 377వ సెక్షన్ వారసత్వం ఇక్కడి శిక్షాస్మృతిలో ఇంకా ఉంది. 20 ఏళ్ళ దాకా జైలు, బెత్తం దెబ్బలు కూడా పడవచ్చు. ఇష్టపూర్వక సంబంధాలు నేరం కావని భారత సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో తీర్పిచ్చింది. సింగపూర్ పార్లమెంటు 2022లో తమ 377ఎ రద్దుకు ఓటేసింది.

బయట చట్టం ఇలా ఉన్నప్పుడు పిల్లలకు మిగిలేది ఇల్లే. అందుకే నన్ను అన్నిటికన్నా కదిలించింది గాడ్స్‌బీ తల్లి మాట. బిడ్డను అందరిలాంటి పిల్లలాగే పెంచానని, వేరే దారి తెలియలేదని ఆవిడ పశ్చాత్తాపపడ్డారు. లోకం మారదన్న భయంతో బిడ్డనే మార్చాలనుకున్నానని ఒప్పుకున్నారు. మన ఇళ్ళలో ఆ భయానికి 'నలుగురూ ఏమనుకుంటారు' అని పేరు.

మన సినిమాల్లో నడుము తిప్పుతూ మాట్లాడే మగవాణ్ణి చూసి ఇంటిల్లిపాదీ నవ్వుతాం. పక్కనే కూర్చున్న మన బిడ్డ ఆ నవ్వును లెక్కపెట్టుకుంటూ, ఇక ఈ ఇంట్లో ఈ విషయం చెప్పకూడదని నిర్ణయించుకోవచ్చు.

ఇందులో బూతులున్నాయి, అత్యాచారం ప్రస్తావన ఉంది. చిన్నపిల్లలతో చూడకండి. పెద్దవాళ్ళు చూసి, ఆ తర్వాత ఇంట్లో మాట్లాడుకోండి.