ఫిరంగులతో మంచుచరియలను దింపుట

మన అమరచింత ప్రాంతమున మంచనగా పుష్యమాసమున జొన్నచేలపై తెల్లవాఱుజామున గనబడు పొగమంచే. అయినను హిమాలయముల మంచుచరియ మనకు సంబంధింపని దని తలపరాదు. 2016 ఫిబ్రవరి 3వ తేదీన సియాచిన్‌లో కావలియున్న 19వ మద్రాసు పటాలపు సైనికులపై మంచు విఱిగి పడగా పదుగురు ప్రాణములు గోల్పోయిరి. వారిలో నొకరు తుంగభద్ర కావలి కర్నూలు జిల్లావారు. కావున నిట్టి యాపదను మనుష్యు లెట్లు ఎదుర్కొనుచున్నారో తెలిసికొనుట యుక్తము.

విద్యార్థులారా, ఏటవాలుగ నిలిపిన పలకపై జొన్నలు చల్లి, వానిపై మఱియొక పలక నుంచి చూడుడు. కొంచెము కదల్చిన చాలును, పైపలక జాఱిపోవును. కొండలపై మంచును పొరలు పొరలుగా గురియును. పైపొర గట్టిపడి, దాని క్రింది పొర చక్కెరవలె పొడిపొడిగా నున్నచో, 30 మొదలు 45 డిగ్రీల వాలున నది నిలువజాలదు. క్రొత్తమంచు బరువు పడినంతనే పైపొర యంతయు బలుకవలె విఱిగి పల్లమునకు దుముకును.

అది యెప్పుడు పడునో నిశ్చయముగా జెప్పలేము గాని, మనము కోరిన వేళకు బడునట్లు చేయవచ్చును. మన యూళ్లలో బావి త్రవ్వువారు రాతిలో మందు గూరి, కేకవేసి జనులను దూరముగ నిలిపి పేల్చుదురు గదా. ఇచటి పద్ధతియు నట్టిదే. మొదట త్రోవను మూసి, బండ్లన్నియు దాటిపోయినవని రూఢి చేసికొందురు. పిమ్మట నిర్ణీతస్థలమున నిలిపిన ఫిరంగితో మంచు బయలుదేఱు తావుపై గుండు ప్రేల్తురు. గుఱి లెక్కలు ముందే వ్రాసియుంచుటచే చీకటిలోను మబ్బులోను గొట్టవచ్చును. ఆ యదటునకు బలహీనపు పొర విఱిగి, మంచు దిగివచ్చును. యంత్రములతో దానిని తొలగించి మరల త్రోవ తెఱతురు.

కెనడాలోని రోజర్స్ కనుమలో 1910 మార్చి 4న, రైలుదారిపై బడిన యొక చరియను తొలగించుచున్న కూలీలపై ఎదుటి కొండనుండి రెండవది పడి 58 మంది మరణించిరి. మొదటి చరియ పడినంతమాత్రమున నపాయము తీఱలేదు. 1962లో ఆ కనుమగుండ రాజమార్గము తెఱచిరి. సైనికులు 105 మిల్లీమీటర్ల హోవిట్జరు ఫిరంగులతో దానిని గాపాడుచు వచ్చిరి. అమెరికాలోని ఆల్టాలో 1949లోనే ఫిరంగిని మంచుపై బ్రయోగించిరి. మొదటి ప్రపంచయుద్ధమున ఆల్ప్సు కొండలలో శత్రువులపై చరియలు దింపుటకు వాడిన గుండే యిట్లు బాటసారులను గాచుటకు వినియోగపడినది.

ఈ పద్ధతియందు దోషములును గలవు. ప్రేలని గుండ్లు మంచులో గూరుకొనిపోవును. వేసవిలో వానిని వెదకవలెను. 2005లో యూటా రాష్ట్రమున నొక గుండు గుఱి దాటిపోయి యొక యింటి పెరటిలో బ్రేలెను. దైవికముగ నెవరికిని ప్రాణహాని గలుగలేదు. అందుచే బలుచోట్ల దూరమునుండి వాయువును బ్రేల్చు గొట్టములను కొండపైననే నాటుచున్నారు.

మఱియు, ఫిరంగి ఖాళీచేయదగిన త్రోవకే రక్ష. సియాచిన్‌వలె మనుష్యులు రేయింబవలు నిలువవలసిన చోట నది చాలదు. అచట స్థలనిర్ణయమును ముందుసూచనయు ముఖ్యములు. మంచును శోధించుటకు మన దేశమున 1969లో మనాలియందు రక్షణశాఖవారు ఒక సంస్థను స్థాపించిరి. ఇక రోహ్తంగు కనుమ క్రింద 2020లో దెఱచిన 9 కిలోమీటర్ల అటల్ సొరంగము, మంచుతో బోరాడక దాని క్రిందుగనే త్రోవ చూపినది.

కీడెంచి మేలెంచవలెనని మన పెద్దలందురు. రానున్న కీడును లెక్కించి, జనులను ముందుగా దొలగించి, దానిని మన వేళకు రప్పించుటయే యీ విద్య యొక్క సారము.